దగ్గరి చూపు అద్దం

చేతిలోకి తీసుకుని చూస్తే ఈ క్లోజప్ ఫిల్టర్‌లో పనితనం ఎక్కడుందో వెంటనే తెలియదు. ఒక లోహపు చుట్టు, దాని మధ్య కాస్త ఉబ్బిన అద్దం, వెనకవైపు కెమెరా లెన్స్‌కు బిగించే మర. అంతే. తిప్పే రింగు లేదు, అపర్చర్ రేకులు లేవు, మోటారు లేదు. కెమెరా దుకాణంలో యూవీ ఫిల్టర్ల పక్కన, అదే రకం డబ్బీలో ఉంటుంది కాబట్టి దీన్నీ ఫిల్టర్ల జాతిలోనే కలిపేశారు. చవక రకాలైతే నాలుగు కలిపి ఒక చిన్న సంచిలో పెట్టి అమ్ముతారు: ప్లస్ 1, ప్లస్ 2, ప్లస్ 4, ప్లస్ 10. కొన్నవాళ్ళు ఒకటి రెండు పువ్వులు తీసి, అంచుల్లో మసకనూ ఊదారంగు గీతలనూ చూసి, ఆ సంచిని బీరువాలో పడేస్తారు. క్లోజప్ ఫిల్టరంటే పేదవాడి మాక్రో లెన్స్ అనే చిన్నచూపు అలాగే పుట్టింది.

ఆ చిన్నచూపు తొందరపాటు తీర్పని నా అభిప్రాయం. ఈ అద్దం గుణదోషాలు దాన్నొక్కదాన్నే చూసి చెప్పేవి కావు. వెనక ఏ లెన్స్ ఉందో తెలియాలి. ఒక లెన్స్ ముందు మచ్చలేకుండా పనిచేసిన అద్దమే ఇంకో లెన్స్ ముందు పనికిరాకుండా పోతుంది. ఎందుకలా జరుగుతుందో, ఆ లోపాన్ని పనివాళ్ళు ఎలా దిద్దారో చూస్తే ఈ చిన్న వస్తువు మీద గౌరవం పెరుగుతుంది.

నలభై దాటాక చత్వారం వచ్చి పేపరు చదవడానికి కళ్ళజోడు పెట్టుకుంటామే, క్లోజప్ ఫిల్టర్ కెమెరాకు సరిగ్గా అదే. కొలత కూడా ఒకటే. కళ్ళజోడు చీటీ మీద ప్లస్ ఒకటిన్నర, ప్లస్ రెండు అని డాక్టరు రాసేదీ, ఈ చుట్టు మీద చెక్కి ఉండేదీ డయాప్టర్లే. ఈ కొలతను 1872లో ఫ్రెంచి కంటి వైద్యుడు ఫెర్డినాండ్ మొనోయే ప్రతిపాదించాడు. ఒకటిని మీటర్లలో ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే డయాప్టర్లు వస్తాయి. ప్లస్ 1 అంటే మీటరు, ప్లస్ 2 అంటే అర మీటరు, ప్లస్ 4 అంటే పాతిక సెంటీమీటర్లు, ప్లస్ 10 అంటే పది సెంటీమీటర్లు.

తీయదలచిన వస్తువు ఈ అద్దానికి సరిగ్గా దాని ఫోకల్ లెంగ్త్ దూరంలో ఉంటే, ఆ వస్తువు నుంచి విచ్చుకుంటూ వచ్చే కిరణాలు అద్దం దాటగానే సమాంతరమవుతాయి. సమాంతర కిరణాలంటే కెమెరా లెన్స్‌కు ఒకటే అర్థం: ఎక్కడో చాలా దూరాన ఉన్నదేదో కనిపిస్తోంది. అరచేతి దూరంలో ఉన్న గొల్లభామను అది దూరపు కొండనుకుని నిశ్చింతగా ఫోకస్ చేస్తుంది. అందుకే ప్లస్ 2 అద్దం బిగించి ఫోకస్ రింగును ఇన్ఫినిటీ దగ్గర పెడితే, వెనక 24 మి.మీ. లెన్స్ ఉన్నా 300 మి.మీ. లెన్స్ ఉన్నా స్ఫుటంగా కనిపించేది అద్దానికి యాభై సెంటీమీటర్ల ముందున్న వస్తువే. ఆ దూరాన్ని నిర్ణయించేది అద్దం. వస్తువు ఎంత పెద్దగా పడాలో నిర్ణయించేది వెనక లెన్స్.

ఆ పెద్దతనం లెక్క సులువైన భాగహారం. వెనక లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను అద్దం ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. ప్లస్ 2 అద్దం అంటే 500 మి.మీ. కాబట్టి 50 మి.మీ. లెన్స్‌తో సెన్సర్ మీద పడే బొమ్మ అసలు వస్తువులో పదో వంతు. 100 మి.మీ. లెన్స్‌తో ఐదో వంతు. 200తో 0.4 వంతు, 300తో 0.6 వంతు. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36 మి.మీ. వెడల్పు ఉంటుంది. 50 మి.మీ. లెన్స్‌తో 36 సెంటీమీటర్ల వెడల్పు చట్రంలోకి వస్తుంది, అదేమంత దగ్గర కాదు. 200 మి.మీ. లెన్స్‌తో తొమ్మిది సెంటీమీటర్లే వస్తుంది. నిమ్మచెట్ల చుట్టూ, కరివేపాకు చుట్టూ తిరిగే లైమ్ సీతాకోకచిలుక రెక్కలు పరిస్తే ఇంచుమించు అంతే ఉంటుంది. చట్రం నిండిపోతుంది, మనమేమో అర మీటరు ఎడంగానే ఉన్నాం. దాని మీద మన నీడ పడదు, అది బెదరదు.

జూమ్ లెన్స్‌కు తగిలిస్తే ఇంకో సౌలభ్యం. 70-200 జూమ్ ముందు ప్లస్ 2 పెట్టి ఇన్ఫినిటీలో ఉంచితే, జూమ్ ఎటు తిప్పినా స్ఫుటత దూరం యాభై సెంటీమీటర్లు దాటదు, తగ్గదు. మారేది పరిమాణం ఒక్కటే. 70 దగ్గర కొమ్మంతా కనిపిస్తుంది, 200 దగ్గర కొమ్మ మీది గొంగళిపురుగు నిండుగా నిలుస్తుంది. ట్రైపాడ్ కదల్చాల్సిన పనిలేదు. నిజమైన మాక్రో లెన్స్‌లో ఇది కుదరదు. అక్కడ పరిమాణం మార్చాలంటే దూరం మార్చాలి, అంటే కాళ్ళనో పట్టాలనో కదపాలి. అమెరికా ప్రకృతి ఛాయాగ్రాహకుడు జాన్ షా 1980లలో తన పుస్తకాలతో, శిక్షణ తరగతులతో ఎందరికో జూమ్-క్లోజప్ జోడీని అలవాటు చేశాడు. తుప్పల్లో మోకాళ్ళ మీద కూర్చుని తీసేవాళ్ళకు ఆ సలహా విలువ చెప్పనక్కర్లేదు.

ఆధునిక జూమ్‌ల విషయంలో అంతగా చర్చకు రాని లాభం ఇంకొకటుంది. చాలా జూమ్‌లు లోపలి అద్దాలను జరిపి ఫోకస్ చేస్తాయి. దగ్గరి వస్తువుల మీదికి వచ్చేసరికి వాటి అసలు ఫోకల్ లెంగ్త్ తగ్గిపోతుంది. 200 అని రాసి ఉన్న లెన్స్ ఒకటిన్నర మీటర్ల దగ్గర 200 కాదు. క్లోజప్ అద్దం పెట్టి ఇన్ఫినిటీలో వాడినప్పుడు ఆ నష్టం లేదు. లెన్స్ రూపకర్త ఏ స్థితికి ఎక్కువ శ్రద్ధ పెట్టి లెక్కలు కట్టాడో ఆ స్థితిలోనే అది పనిచేస్తుంది.

వెలుతురు సంగతి. దగ్గరి ఫొటోలకు రెండో దారి ఎక్స్‌టెన్షన్ ట్యూబులు. కెమెరాకు, లెన్స్‌కు మధ్య ఖాళీ గొట్టం దూర్చి లెన్స్‌ను ముందుకు జరపడం. అందులో అద్దం లేదు కాబట్టి లోపం చేరదని కొందరంటారు. నిజమే, కానీ వెలుతురు పోతుంది. సగం పరిమాణం దగ్గర ఒక స్టాపుకు పైనే. క్లోజప్ అద్దం ఇన్ఫినిటీలో ఉన్న లెన్స్ నుంచి లెక్కకు వచ్చేంత వెలుతురు తీసుకోదు. ఎఫ్/8 ఎఫ్/8గానే మిగులుతుంది. పైగా గొట్టం బలం చిన్న లెన్స్‌ల దగ్గరే. 25 మి.మీ. గొట్టం 50 మి.మీ. లెన్స్‌కు సగం పరిమాణం ఇస్తే, 200 మి.మీ. లెన్స్‌కు ఎనిమిదో వంతే ఇస్తుంది. అద్దం లెక్క తలకిందులు: లెన్స్ పొడవయ్యే కొద్దీ దాని బలం పెరుగుతుంది. 50కి గొట్టం, 200కి అద్దం. అనుభవమున్నవాళ్ళ సంచుల్లో రెండూ ఉండటం ఇందుకే.

ఇక బీరువాలో పడి ఉన్న ఆ సంచి దగ్గరికి వద్దాం. దాన్ని కొన్నవాళ్ళు చూసిన ఊదారంగు గీతలు అబద్ధం కాదు. ఒకే గాజుతో చేసిన అద్దం నీలాన్ని ఎక్కువగా, ఎరుపును తక్కువగా వంచుతుంది. క్రౌన్ అనే మామూలు రకం గాజుతో చేసిన ప్లస్ 2 అద్దం నీలానికి ఎరుపుకన్నా డయాప్టర్‌లో సుమారు మూడు శాతం వంతు ఎక్కువ బలంగా ఉంటుంది. కళ్ళజోడులో ఇది ఎవరికీ తెలియనంత స్వల్పం. కెమెరాలో ఆ తేడా సెన్సర్ దగ్గర ఎంతవుతుందన్నది వెనక లెన్స్ ఫోకల్ లెంగ్త్ వర్గాన్ని బట్టి ఉంటుంది. అసలు రహస్యం ఈ వర్గంలోనే ఉంది. 50 మి.మీ. లెన్స్ వెనక నీలం, ఎరుపు స్ఫుటపడే చోట్ల మధ్య ఎడం మిల్లీమీటరులో పదో వంతుకన్నా తక్కువ. ఎఫ్/8 దగ్గర దానివల్ల వచ్చే మసక పది మైక్రాన్లు. కంటికి ఆనదు. అదే అద్దం, అదే గాజు, 200 మి.మీ. లెన్స్ ముందు పెడితే ఎడం నాలుగింతలు కాదు, పదహారింతలవుతుంది. మిల్లీమీటరు దాటిపోతుంది. ఎఫ్/8 దగ్గర మసక నూట యాభై మైక్రాన్ల దాకా వెళ్తుంది. పాత ఫిల్ము రోజుల నుంచి స్ఫుటతకు ఒప్పుకునే హద్దు ముప్పై మైక్రాన్లు.

కాబట్టి కిట్‌తో వచ్చిన చిన్న లెన్స్‌కు చవక అద్దం సరిపోయిందనే మాటా, పెద్ద జూమ్‌కు అదే అద్దం పెడితే బొమ్మ పాడైందనే మాటా రెండూ సత్యమే. పొడవైన లెన్స్ వస్తువును పెద్దది చేసేటప్పుడు అద్దం తప్పును అంతకన్నా పెద్దది చేస్తుంది. మరి ఈ అద్దానికి అసలు పని పొడవైన లెన్స్‌ల దగ్గరేనని ఇందాకే చూశాం. దాని బలం ఎక్కడో బలహీనతా అక్కడే. పనివాడి నేర్పు పరీక్షకు నిలబడేది ఆ చోటే.

పరిష్కారం కెమెరా కన్నా పాతది. గాజు కటకాలతో రంగుల చెదురు తప్పదని న్యూటన్ నమ్మాడు. అందుకే 1668లో అద్దపు కటకం జోలికి పోకుండా లోహపు దర్పణంతో దుర్భిణి చేసుకున్నాడు. ఆయన మాట మీదున్న గౌరవం కొద్దీ చాలాకాలం ఎవరూ ఆ తలుపు తట్టలేదు. 1730 ప్రాంతంలో చెస్టర్ మూర్ హాల్ అనే ఆంగ్ల న్యాయవాది, రెండు రకాల గాజులను జత చేస్తే ఒకదాని రంగుల తప్పును ఇంకొకటి కొట్టేయగలదని కనిపెట్టాడు. రహస్యం బయటపడకుండా రెండు ముక్కలను లండన్‌లో ఇద్దరు వేర్వేరు పనివాళ్ళకు సానబట్టమని ఇచ్చాడట. ఆ ఇద్దరూ తీరిక లేక పనిని మూడోవాడికి అప్పగించారు, ఇద్దరికీ ఆ మూడోవాడు ఒకడేనట. జార్జ్ బాస్ అనే ఆ సానపనివాడు రెండు ముక్కలూ ఒకే యజమానివని, ఒకదానిలో ఒకటి ఒదుగుతున్నాయని గమనించాడని కథ. హాల్ దాన్ని లోకానికి చాటుకోలేదు. 1758లో పేటెంట్ పొందినవాడు జాన్ డాలండ్. ఈయన పుట్టింది పట్టు నేతగాళ్ళ ఇంట్లో, నడివయసు దాకా బతుకు మగ్గం మీదే గడిచింది. పోచంపల్లి, ధర్మవరం తెలిసిన మనకు, పోగు పోగు సరిచూసే చేయి గాజు వంపును సరిచూడటంలో వింతేమీ తోచదు. తర్వాత ఆయన కొడుకు కాలంలో పేటెంట్ మీద వ్యాజ్యం నడిచింది. మిగతా దుకాణదారులు హాల్ పేరు ముందుకు తెచ్చారు. ఆవిష్కరణను దాచుకున్నవాడికి కాదు, జనానికి అందించినవాడికే హక్కని కోర్టు తేల్చింది.

ఆ జంట అద్దం పేరు అక్రోమాట్. మధ్యలో మందంగా ఉండే క్రౌన్ గాజు ముక్క కిరణాలను కలుపుతుంది, అంచులు మందంగా ఉండే ఫ్లింట్ గాజు ముక్క విడదీస్తుంది. క్రౌన్ రంగులను తక్కువగా చెదరగొట్టే గాజు, ఫ్లింట్ ఎక్కువగా చెదరగొట్టేది. నాకు ముచ్చట గొలిపేది ఇందులోని అంకెలే. రూపకర్తలు తరచుగా వాడే రెండు మామూలు గాజులు తీసుకుని ప్లస్ 2 జంట తయారుచేయాలనుకోండి. క్రౌన్ ముక్క ప్లస్ 4.6 బలంతో ఉండాలి, ఫ్లింట్ ముక్క మైనస్ 2.6 బలంతో. కూడితే మిగిలేది ప్లస్ 2. అంటే కావలసిన బలానికి రెండింతలకు పైగా ముందు పెంచి, అందులో సగానికి మించి వెనక్కి తీసేయాలి. ఈ ఎదురెదురు లాగుడులో కిరణాలను వంచే బలమంతా చెల్లిపోదు, కానీ రంగుల తేడా మాత్రం దాదాపు చెల్లిపోతుంది. అదే సమయంలో అద్దం అంచు నుంచి వచ్చే కిరణాలు, మధ్య నుంచి వచ్చే కిరణాలు ఒకేచోట కలవకపోయే దోషాన్నీ చాలావరకు తగ్గించుకునే వీలు రూపకర్తకు దొరుకుతుంది. ఒంటి అద్దంలో సరిదిద్దుకోవడానికి రెండు ముఖాలే. జంటలో మూడు.

రెండు ముక్కలు అతుక్కునే ముఖాలు ఒకదానిలో ఒకటి పూర్తిగా ఒదగాలి. ఆ వంపులో తేడా వస్తే అతుకు సమంగా ఉండదు. పూర్వం అతకడానికి కెనడా బాల్సం వాడేవారు. అది ఉత్తర అమెరికా ఫర్ చెట్టు జిగురు. ఎండితే దాని వక్రీభవన గుణకం క్రౌన్ గాజుకు చాలా దగ్గర, అందుకే కాంతి అక్కడ గోడ ఉన్నట్టు కూడా గుర్తించకుండా దాటిపోతుంది. ఇప్పుడు అతినీలలోహిత కాంతి తగిలితే గట్టిపడే కృత్రిమ జిగుర్లు వచ్చాయి. రెండు ముక్కల కేంద్రాలూ ఒకే గీత మీద ఉండేలా చూసి గట్టిపరచడం అతికే పనిలో సున్నితమైన ఘట్టం. కేంద్రం తప్పితే జంట అద్దం రంగులను దిద్దకపోగా ఒక పక్కకు లాగుతుంది.

1839లో ఫొటోగ్రఫీ పుట్టినప్పుడు పారిస్‌లో జిరూ అనే వ్యాపారి అమ్మిన డాగెరోటైప్ కెమెరాకు షార్ల్ షెవాలియే ఇచ్చిన లెన్స్ కూడా సరిగ్గా ఇలాంటి జంట అద్దమే. దాని ఫోకల్ లెంగ్త్ సుమారు 380 మి.మీ. అంటే ప్లస్ 2.6 డయాప్టర్లు. కెనాన్ క్లోజప్ అద్దాల్లోని 500 మి.మీ., 250 మి.మీ. రకాలకు ఇంచుమించు నడిమధ్యన పడుతుంది. ఆ రోజు కెమెరాకున్న ఏకైక లెన్స్ ఈ రోజు లెన్స్ ముందు బిగించే తోడు వస్తువు.

ఇంకొకటి, చూడగానే తెలిసేది కానీ పట్టించుకోనిది: ఆకారం. మంచి ఒంటి అద్దాల్లోనూ, జంటల్లోనూ ముందు ముఖం వస్తువు వైపు ఉబ్బి ఉంటుంది, వెనక ముఖం లెన్స్ వైపు లోపలికి గుంటగా ఉంటుంది. రంగుల తప్పు ఒక్కటే దృష్టిలో ఉంటే ఈ ఆకారం అక్కర్లేదు. ఇది చట్రం మూలల కోసం. 1812లో ఆంగ్ల శాస్త్రవేత్త విలియం హైడ్ వోలస్టన్ కెమెరా అబ్‌స్క్యూరా కోసం చూపించిన సూత్రం ఇది: గుంట ముఖం అపర్చర్ వైపు తిరిగి ఉంటే మూలల బొమ్మ బాగుపడుతుంది. క్లోజప్ అద్దానికి అపర్చర్ వెనక లెన్స్ లోపల ఉంది, కాబట్టి గుంట వెనక్కి తిరిగింది. తిరగేసి బిగించడానికి వీల్లేకుండా మర ఒక్క వైపే లెన్స్‌కు సరిపోయేలా పెట్టారు.

ఇప్పుడు పేరుపడ్డ అద్దాల దగ్గరికి. కెనాన్ 500డి, 250డి రెండూ రెండేసి గాజుల అక్రోమాట్‌లు. పేరులోని అంకె మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్: ఒకటి ప్లస్ 2, ఇంకొకటి ప్లస్ 4. పొడవైన జూమ్‌లకు 500డి, మధ్యరకం లెన్స్‌లకు 250డి అని తయారీదారు సలహా. ఇందాకటి వర్గం లెక్క తెలిస్తే ఆ సలహా వెనక కారణం విడిగా చెప్పనక్కర్లేదు. పెద్ద జూమ్‌లకు పట్టేలా 500డి 77 మి.మీ. మరతోనూ వచ్చింది. తర్వాత అదే కంపెనీ 2009లో 500డి అనీ, 2019లో 250డి అనీ కెమెరాలు విడుదల చేసింది. దానితో ఈ అద్దాల కోసం వెతికేవాళ్ళకు ముందు కెమెరాలే ఎదురవుతాయి. ఇంత మంచి వస్తువును సొంత ఇంటివాళ్ళే మరుగున పడేశారు.

నికాన్ కూడా ఒకప్పుడు చక్కటి జంటలు చేసింది. 52 మి.మీ. మరకు 3టి, 4టి, 62 మి.మీ. మరకు 5టి, 6టి. ఒక్కో జతలో బలాలు వరుసగా 1.5, 2.9 డయాప్టర్లు. ఇప్పుడు తయారీ లేదు, పాత సామాన్లలోనే దొరకాలి. 105 మి.మీ. లెన్స్ మీద 6టి ఇచ్చే బొమ్మ అసలులో సుమారు 0.3 వంతు. ఇంకా కావాలంటే 5టి, 6టి ఒకదానిపై ఒకటి బిగించవచ్చు. బలాలు కలిసి 4.4 అవుతాయి. అలా కలిపేటప్పుడు బలమైనది కెమెరా లెన్స్‌ను ఆనుకుని ఉండాలి. మూడో అద్దం చేర్చడం మాత్రం దురాశ.

వీటికి భిన్నమైన మార్గం జపాన్ రేనాక్స్ వాళ్ళ డీసీఆర్-250. బలం ప్లస్ 8, రెండు గుంపుల్లో మూడు గాజులు. మరకు బదులు బట్టల క్లిప్పులా రెండు వైపులా నొక్కి పెట్టే ప్లాస్టిక్ పట్టు ఇచ్చారు. 52 నుంచి 67 మి.మీ. దాకా ఏ మరకైనా అంటుకుంటుంది. చూపుకు బొమ్మలా ఉంటుంది. 200 మి.మీ. లెన్స్ ముందు పెడితే బొమ్మ అసలుకన్నా 1.6 రెట్లు పెద్దదవుతుంది. చీమ కన్ను కనిపిస్తుంది. కానీ వస్తువు అద్దానికి పన్నెండున్నర సెంటీమీటర్ల దూరంలోనే ఉండాలి, ఎఫ్/11 దగ్గర కూడా స్ఫుటంగా ఉండే మందం పావు మిల్లీమీటరు. ఊపిరి పీలిస్తే ఫోకస్ పోతుంది. పోలికకు, 500డితో 200 మి.మీ. దగ్గర అదే ఎఫ్/11లో నాలుగు మిల్లీమీటర్ల దాకా మందం దొరుకుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు రేనాక్స్ పెద్దతనం చూసి మురిసి దాన్ని ముందు కొంటారు. నేనైతే ప్లస్ 2 జంటతో మొదలుపెట్టమంటాను. నాలుగు మిల్లీమీటర్లలో ఫొటో తీయడం వచ్చాక పావు మిల్లీమీటరు సంగతి చూసుకోవచ్చు.

లెన్స్ విప్పే వీలులేని కెమెరాలకు ఈ అద్దం సదుపాయం కాదు, అవసరం. పాత స్టూడియోల్లో కనిపించిన రెండు కళ్ళ రోలీఫ్లెక్స్ తీసుకోండి. కింది కన్ను ఫొటో తీస్తుంది, పై కన్ను మనకు చూపిస్తుంది. సుమారు మీటరు కన్నా దగ్గరికి అది ఫోకస్ చేయదు. ఇంకా దగ్గరికి వెళ్తే వేరే చిక్కు: రెండు కళ్ళ మధ్య నాలుగు సెంటీమీటర్లకు పైగా ఎడం ఉంది, కాబట్టి పైన చూసింది కింద పడదు. వేళ్ళ మధ్య పువ్వు పైకంటికి నడిమధ్యలో ఉంటే ఫిల్ము మీద అంచుకు జరిగిపోతుంది. దీనికి చేసిన రోలినార్ జతలో కింది కన్నుకు మామూలు క్లోజప్ అద్దం. పై కన్నుకు ఇచ్చిన ముక్క మాత్రం మందంగా ఉంటుంది, ఎందుకంటే అందులో ఒక పక్క మందం, ఒక పక్క పలచనగా కోసిన గాజు కూడా కలిసి ఉంటుంది. ఆ ఏటవాలు గాజు పై కన్ను చూపును కిందికి వంచి, కింది కన్ను చూసే చోటే చూసేలా చేస్తుంది. చుట్టు మీద ఒక ఎర్ర చుక్క. ఆ చుక్క పైకి ఉండేలా పెట్టాలి. పక్కకు తిరిగితే చూపు పక్కకు వంగుతుంది. ఒకటో నంబరు మీటరు నుంచి 45 సెంటీమీటర్ల దాకా, రెండో నంబరు యాభై నుంచి ముప్పై దాకా. క్లోజప్ అద్దాల చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇది. దోషం అద్దానిది కాదు, కెమెరా కట్టడిది. అయినా దాన్ని దిద్దే భారం అద్దమే నెత్తికెత్తుకుంది.

సినిమావాళ్ళు ఇదే అద్దాన్ని సగానికి కోశారు. లెన్స్ ముందు సగం భాగమే కప్పే స్ప్లిట్ డయాప్టర్‌తో తెర ఒక పక్క దగ్గరి ముఖమూ, ఇంకో పక్క దూరపు మనిషీ ఒకేసారి స్ఫుటంగా కనిపిస్తారు. కోత గీత ఒక స్తంభం మీదో, తలుపు అంచు మీదో పడేలా చూసుకుంటారు. బ్రయాన్ డి పాల్మా 1981లో తీసిన బ్లో అవుట్ చూస్తే, గుడ్లగూబ దగ్గరగా, వంతెన మీది మనిషి దూరంగా ఉన్న దృశ్యం దగ్గర ఈ పని పట్టుబడిపోతుంది.

అన్ని లెన్స్‌లకూ ఈ పెళ్ళి కుదరదు. 24 మి.మీ. లాంటి వెడల్పు లెన్స్‌కు ప్లస్ 2 పెట్టి లాభం శూన్యం. ఆ లెన్స్ సాధారణంగా తనంతట తానే పాతిక సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళ్ళగలదు. ప్లస్ 10 పెడితే మూలల కిరణాలు అద్దం అంచుల గుండా ఏటవాలుగా దూసుకుపోయి బొమ్మ జారిపోతుంది. 18-55 కిట్ జూమ్‌కు 55 దగ్గర ప్లస్ 4 బాగా పనికొస్తుంది. మాక్రో లెన్స్‌కు పెడితే ఒకటికి ఒకటి దాటి వెళ్తుంది, కానీ మాక్రో లెన్స్ దగ్గరి దూరాలకు ఎంతో జాగ్రత్తగా లెక్కలు కట్టిన వస్తువు. దానికి చవక అద్దం తగిలించడం ఆ శ్రమను వృథా చేయడమే. పెట్టాలనుకుంటే జంట అద్దమే పెట్టాలి.

ఏ జోడీ ఎలా ఉందో తెలుసుకోవడానికి సీతాకోకచిలుక మంచి పరీక్ష కాదు. దాని వెనకంతా మసకే కాబట్టి మూలలు ఎలా ఉన్నా అందంగానే ఉంటుంది. తేలియా రుమాలు కూడా కాదు; చిటికి నేతలో రంగు అంచులు సహజంగానే పొగమంచులా కలిసిపోతాయి, అద్దం తప్పేదో నేత సొగసేదో తెలియదు. తెలుగు దినపత్రికను గోడకు చదునుగా అంటించి తీయాలి. తెల్లటి కాగితం మీద నల్లటి గుడులు, సుడులు, ఒత్తులు. మూలలోని ఒత్తు చుట్టూ ఒకవైపు ఎరుపు, ఒకవైపు నీలం అంచు కనిపిస్తే రంగుల తప్పు. మధ్యలో అక్షరం పదునుగా ఉండి మూలలో అలుక్కుపోతే అద్దం చదునైన దాన్ని చదునుగా చూడలేకపోతోంది. ఎఫ్/4లో ఒకటి, ఎఫ్/11లో ఒకటి తీసి పక్కపక్కన పెడితే, అపర్చర్ మూయడం వల్ల ఏది తగ్గిందో, ఏది తగ్గలేదో తెలుస్తుంది.

పాత అద్దం కొనేటప్పుడు పేరు చూసి మోసపోనక్కర్లేదు, చేతిలో ఉన్నది ఒంటిదో జంటో దుకాణంలోనే తేల్చుకోవచ్చు. ట్యూబ్‌లైటు కింద అద్దాన్ని ఏటవాలుగా పట్టుకుని లోపల ప్రతిబింబాలు లెక్కపెట్టాలి. ఒంటి అద్దంలో రెండే ఉంటాయి, ముందు ముఖానిదొకటి, వెనక ముఖానిదొకటి. జంటలో మూడోది ఉంటుంది, అతుకు దగ్గర నుంచి వచ్చేది. చాలా మసకగా ఉంటుంది, ఓపికగా చూడాలి. రేనాక్స్ లాంటి మూడు గాజుల అమరికలో ఐదు. బలం చెరిగిపోయి ఉంటే, కిటికీకి ఎదురు గోడ దగ్గర నిలబడి దూరపు చెట్టు బొమ్మ గోడ మీద తలకిందులుగా స్ఫుటపడే దాకా అద్దాన్ని ముందుకూ వెనక్కూ జరపాలి. గోడకూ అద్దానికీ మధ్య దూరమే ఫోకల్ లెంగ్త్. యాభై సెంటీమీటర్లయితే ప్లస్ 2.

విశాఖపట్నం, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో దొరికే అద్దాల మీద బూజు వేళ్ళు సన్నటి సాలెగూడులా పాకి ఉంటాయి. పైముఖం మీదున్నవి చాలావరకు తుడిస్తే పోతాయి. అంచు చుట్టూ సబ్బు బుడగ మీది రంగుల్లాంటి మరకలు కనిపిస్తే అది బూజు కాదు, అతుకు ఊడుతోందని గుర్తు. తుడిస్తే పోదు, ఎండలో పెడితే ఇంకా పాకుతుంది. చుట్టు అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల లోపే ఉంటే, పొడవైన లెన్స్‌ను ఎఫ్/11కు మూసి వాడేవాళ్ళకు అది పెద్దగా అడ్డురాదు, బేరమాడి తీసుకోవచ్చు. మధ్యకు పాకిందంటే వదిలేయడమే మేలు. విప్పి మళ్ళీ అతికే పనివాళ్ళు అరుదు, వాళ్ళడిగే కూలికి ఇంకో అద్దమే వస్తుంది.